లంబసింగి చలికి కారు స్టార్ట్ అవ్వలేదు, ఎండెక్కాక ఒక్క సెల్ఫ్‌కే అయింది. లోపం ఎక్కడుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్ నుంచి డీజిల్ కారులో కుటుంబంతో లంబసింగి వచ్చారు. రాత్రి టెంట్ల పక్కన ఆరుబయటే కారు పెట్టారు. చెరువులవేనం వ్యూ పాయింట్‌కి వెళ్దామని తెల్లవారుజామున నాలుగున్నరకి తాళం తిప్పితే ఇంజన్ 'గుర్ర్... గుర్ర్...' అని నిదానంగా తిరిగింది గానీ అందుకోలేదు. ఐదారుసార్లు కొట్టేసరికి ఉత్త 'టిక్ టిక్ టిక్' మిగిలింది. తొమ్మిదిన్నర దాటి బానెట్ మీద ఎండ పడ్డాక ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. ఇంటికి వెళ్ళి మెకానిక్‌కి చూపిస్తే "బండి బాగానే ఉంది, చలికి అలాగే ఉంటుంది" అన్నాడు. బ్యాటరీకి మూడున్నరేళ్ళు. సంక్రాంతికి పెద్దవాళ్ళతో మళ్ళీ వస్తున్నారు, ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ బ్యాటరీ ఆఖరికి వచ్చినట్టుంది. లోడ్ టెస్ట్ చేయించి, ఫెయిలైతే ప్రయాణానికి ముందే మార్చేయండి. చల్లటి డీజిల్ ఇంజన్‌కి వేడి అందించే హీటర్ ప్లగ్గులు చెక్ చేయించండి, బ్యాటరీ క్లిప్పులు శుభ్రం చేయించండి. ఈ మూడూ చేస్తే మీ సమస్య తీరిపోతుందని నా నమ్మకం. "చలికి అలాగే ఉంటుంది" అన్న మాట మాత్రం ఒప్పుకోకండి. లంబసింగి చలి మనకు వణుకు పుట్టిస్తుంది గానీ, కారుకి అదేమంత చలి కాదు. బాగున్న కారు అక్కడ ఏ తెల్లవారుజామునైనా రెండు మూడు సెకన్లలో అందుకోవాలి.

నేను సైన్యంలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వాహనాల మెకానిక్‌గా చేశాను. శిక్షణ సికింద్రాబాద్‌లో, తర్వాత చాలాకాలం లేహ్ వైపు. రిటైరయ్యాక నర్సీపట్నంలో వర్క్‌షాపు పెట్టుకున్నాను. డిసెంబరు, జనవరి వచ్చాయంటే లంబసింగి, తాజంగి, వంజంగి వైపు నుంచి తెల్లారకముందే ఫోన్లు మొదలవుతాయి. ఎక్కువ కాల్స్‌కి మీ కథే. వాటిలో చాలావరకు బ్యాటరీ దగ్గరే తేలతాయి.

చలిలో జరిగేది ఏమిటంటే, ఒకేసారి రెండు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. బ్యాటరీ లోపల కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల, చల్లబడితే ఆ చర్య మందగిస్తుంది. మామూలు వేడిలో ఇచ్చేదానితో పోలిస్తే సున్నా డిగ్రీల దగ్గర ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా శక్తి తగ్గిపోతుంది. మైనస్ 18కి వచ్చేసరికి దాదాపు సగమే మిగులుతుంది. అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చలికాలం పొద్దున గిన్నెలో పేరిన నెయ్యిలా చిక్కబడుతుంది కాబట్టి ఇంజన్ తిప్పడానికి సెల్ఫ్ మోటారుకి మామూలు కంటే ఎక్కువ కరెంటు కావాలి. ఇచ్చేవాడి దగ్గర తగ్గింది, అడిగేవాడికి పెరిగింది. కొత్త బ్యాటరీ అయితే ఈ తేడాని భరించేస్తుంది. సగం అరిగినది భరించలేదు.

అయితే మీ బ్యాటరీని పాడుచేసింది లంబసింగి చలి కాదు. హైదరాబాద్ ఎండలు. బ్యాటరీకి అసలు శత్రువు వేడి. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో రోడ్డు మీద నిలబెట్టిన కారు బానెట్ కింద ఎంత వేడి ఉంటుందో ఊహించండి. ఆ వేడికి లోపలి ప్లేట్లు తుప్పు పడతాయి, నీరు ఆవిరవుతుంది. అలా మూడు వేసవులు గడిచాక శక్తి తగ్గినా, హైదరాబాద్‌లో ఆ సంగతి బయటపడదు. అక్కడ పొద్దున్నే 20 డిగ్రీలు ఉంటే మిగిలిన శక్తితోనే బండి స్టార్ట్ అయిపోతుంది. ఇక్కడికి ఘాట్ ఎక్కి వెయ్యి మీటర్ల ఎత్తుకి వచ్చి, రాత్రంతా మంచులో నిలబెట్టాక బయటపడుతుంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రతలు ప్రతి శీతాకాలం పేపర్లో చూస్తూనే ఉంటారుగా, ఐదు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు అని. కింద నర్సీపట్నంలో ఆ రోజు అంత చలి ఉండదు. ఆ కొద్ది కిలోమీటర్ల ఘాట్‌లోనే మీ బ్యాటరీ లోపం తేలిపోయింది.

మీ మెకానిక్‌కి ఏమీ కనపడకపోవడానికి కారణం కూడా ఇదే. మీరు లంబసింగి నుంచి హైదరాబాద్ దాకా రోజంతా నడిపారు, బ్యాటరీ చార్జ్ అయింది. మధ్యాహ్నం ఎండలో, వేడి ఇంజన్‌తో షెడ్డులోకి తీసుకెళ్ళారు. మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించి ఉంటుంది. ఊరికే వోల్టేజి చూస్తే చావుబతుకుల్లో ఉన్న బ్యాటరీ కూడా బాగానే కనిపిస్తుంది. చూడాల్సింది ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజి కాదు, బరువు పడ్డప్పటి వోల్టేజి. దాన్నే లోడ్ టెస్ట్ అంటారు. బ్యాటరీ షాపుల్లో ఐదు నిమిషాల పని, చాలాచోట్ల డబ్బులు కూడా తీసుకోరు.

ఇంట్లో మల్టీమీటరు ఉంటే మీరే చేసుకోవచ్చు. రాత్రంతా కారు కదపకుండా ఉంచి, పొద్దున్నే తలుపు తీసి, బానెట్ ఎత్తి, ఓ పది నిమిషాలు ఆగి చూడండి. తలుపు తీయగానే లైట్లు, కంప్యూటర్లు మేల్కొంటాయి, అవి మళ్ళీ పడుకోవాలి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే. తర్వాత మీటరు అలాగే ఉంచి ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి. ఇంజన్ తిరుగుతున్నంతసేపు అంకె ఎక్కడిదాకా దిగుతుందో చూడండి. మామూలు వాతావరణంలోనే 9.6 కంటే కిందికి పోతే ఆ బ్యాటరీ చలికి పనికిరాదు. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తున్నట్టు. కొత్త కార్లలో అవసరాన్ని బట్టి చార్జింగ్‌ని కంప్యూటరే తగ్గిస్తుంది, అందుకని కాస్త తక్కువ కనిపించినా వెంటనే కంగారు పడొద్దు.

ఇంకొక్క కొలత ఉంది, మెకానిక్కులు చాలామంది వదిలేస్తారు. మీటరు ఒక కొన బ్యాటరీ సీసం పోల్ మీద, రెండో కొన దానికి బిగించిన క్లిప్పు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి కాబట్టి దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు, ముప్పావు వోల్టు చూపిస్తే ఆ మధ్యలో పాచి పట్టి కరెంటుని ఆపేస్తున్నట్టు. పైకి క్లిప్పు మెరుస్తూనే ఉంటుంది, విప్పి చూస్తే లోపలి గుండ్రటి అంచుకి తెల్లగా, నీలిపచ్చగా పొడి పేరుకుని ఉంటుంది. నెగటివ్ క్లిప్పు ముందు విప్పండి, బిగించేటప్పుడు దాన్ని ఆఖరున బిగించండి. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే ఆ పొడి బుసబుస పొంగి కరిగిపోతుంది. ఆరాక సన్నటి ఉప్పుకాగితంతో పోల్ రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. వంజంగి కింద పార్కింగ్‌లో నిలబడిపోయిన ఒక కారుకి నేను చేసింది ఇంతే. ఆయన అప్పటికే కొత్త బ్యాటరీ తెప్పించుకునే ఏర్పాట్లలో ఉన్నారు. విప్పి, రుద్ది, బిగించగానే అదే పాత బ్యాటరీతో బండి లేచింది.

చప్పుడు వినడం నేర్చుకోండి. ఫోన్‌లో నన్ను అడిగేవాళ్ళకి నేను మొదట చెప్పేది "ఒకసారి స్పీకర్ ఆన్ చేసి సెల్ఫ్ కొట్టండి" అనే. ఇంజన్ నిదానంగా, ఈడ్చినట్టు తిరుగుతుంటే బ్యాటరీయో, క్లిప్పులో. 'టిక్ టిక్ టిక్' అని వేగంగా వస్తే బ్యాటరీ పూర్తిగా పడిపోయినట్టు, సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్చి (రిలే) పట్టుకుని వదిలేస్తోంది. ఒక్కటే గట్టిగా 'ఠక్' మని ఆగిపోతే, హెడ్‌లైట్లు వేసి చూడండి: లైట్లు ప్రకాశంగానే ఉండి ఠక్ మంటే సెల్ఫ్ మోటారు మీద అనుమానం. లైట్లు కూడా సన్నబడిపోతే మళ్ళీ బ్యాటరీయే. ఇంజన్ హుషారుగా తిరుగుతూ అందుకోకపోతే బ్యాటరీని తిట్టకండి, అది దాని పని చేస్తోంది. అప్పుడు డీజిల్ బండికి హీటర్ ప్లగ్గులు, ఇంధనం చూడాలి. పెట్రోల్ బండికి స్పార్కు, పెట్రోలు ఎక్కువ పట్టేయడం చూడాలి. ఏ చప్పుడూ లేకపోతే? గేరు న్యూట్రల్‌లో లేదా పి లో ఉందా, క్లచ్ పూర్తిగా తొక్కారా చూడండి. బటన్ స్టార్ట్ కార్లలో తాళంలోని చిన్న బిళ్ళ బ్యాటరీ కూడా చలికి నీరసపడుతుంది. తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి బ్రేక్ తొక్కి నొక్కండి, చాలా కార్లలో పనిచేస్తుంది. కొన్నింటిలో తాళం పెట్టాల్సిన చోటు వేరే ఉంటుంది, మాన్యువల్ పుస్తకంలో రాసి ఉంటుంది.

మీ విషయంలో ముందు ఈడ్చినట్టు తిరగడం, తర్వాత టిక్ టిక్. అంటే ఉన్న కొద్ది శక్తినీ మొదటి ఐదారు ప్రయత్నాల్లో ఖర్చుపెట్టేశారు. తర్వాత నాలుగైదు గంటల విశ్రాంతి, ఎండ, కాస్త పలచబడ్డ ఆయిల్, మూడూ కలిసి పదింటికల్లా స్టార్ట్ చేయించాయి.

మళ్ళీ అలా జరిగితే ఒకదాని వెంట ఒకటి కొట్టకండి. ఏసీ బ్లోయర్, లైట్లు, మ్యూజిక్, ఫోన్ చార్జర్లు అన్నీ ఆపండి. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకోండి, గేర్‌బాక్స్‌లోని చిక్కటి ఆయిల్‌ని తిప్పే బరువు తగ్గుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటర్ బోర్డు మీద స్ప్రింగు చుట్టలా కనిపించే కాయిల్ లైటు ఆరేదాకా ఆగండి. ఆరాక ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేసి ఇంకోసారి ఆగండి. అప్పుడు కొట్టండి. పది సెకన్లకి మించి పట్టుకోవద్దు, అందుకోకపోతే కనీసం నిమిషం ఆగండి. లేకపోతే సెల్ఫ్ మోటారు లోపల కాలిపోతుంది, బ్యాటరీ ఖర్చుకి దాని ఖర్చు కూడా తోడవుతుంది.

హీటర్ ప్లగ్గుల గురించి ఇక్కడే చెప్పాలి. డీజిల్ ఇంజన్‌లో స్పార్కు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికి డీజిల్ అంటుకుంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆ వేడిని సిలిండరు గోడలే లాగేసుకుంటాయి. ఆ లోటు పూడ్చడానికే ఒక్కో సిలిండరుకి ఒక్కో హీటర్ ప్లగ్గు. నాలుగింటిలో రెండు కాలిపోయినా హైదరాబాద్‌లో మీకు తెలియదు, ఎందుకంటే అక్కడి వేడికి వాటి అవసరం పెద్దగా రాదు. చలిలో అయితే బండి కష్టపడి లేస్తుంది, లేచిన మొదటి నిమిషం వణుకుతూ తెల్లటి పొగ కక్కుతుంది. ఆ రోజు తొమ్మిదిన్నరకి స్టార్ట్ అయినప్పుడు తెల్లపొగ వచ్చిందా, గుర్తు తెచ్చుకోండి. వచ్చి ఉంటే ప్లగ్గుల మీద నా అనుమానం బలపడుతుంది. మల్టీమీటరుతో ఓమ్స్‌లో చూస్తే బాగున్నది ఒక ఓమ్ అటూఇటూ చూపిస్తుంది, కాలిపోయినది అసలు కనెక్షనే చూపించదు. విప్పడం మాత్రం తెలిసినవాళ్ళ చేతే చేయించండి. ఏళ్ళ తరబడి కదలని ప్లగ్గు సిలిండర్ హెడ్‌లో విరిగిపోతే హెడ్ దించాల్సి వస్తుంది.

ఇక పక్క కారు నుంచి జంపర్ కేబుల్స్‌తో కరెంటు తీసుకోవడం. టూరిస్టు పార్కింగ్‌లో అందరూ సాయం చేయడానికి ముందుకొస్తారు, సగంమంది తప్పుగా తగిలిస్తారు. ఎర్ర కేబుల్ ముందు మీ బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత వాళ్ళ ప్లస్‌కి. నల్లది ముందు వాళ్ళ మైనస్‌కి. నల్లదాని ఆఖరి కొన మీ బ్యాటరీ మైనస్‌కి కాదు, మీ ఇంజన్ మీద పెయింట్ లేని గట్టి ఇనుప భాగానికి తగిలించండి. ఆఖరి కొన తగిలేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తూ ఉంటుంది కాబట్టి ఆ రవ్వ బ్యాటరీకి దూరంగా పడాలి. పైగా కొత్త కార్లలో మైనస్ క్లిప్పు మీదే బ్యాటరీ సెన్సర్ ఉంటుంది, దాన్ని దాటించి తగిలిస్తే లెక్కలు తప్పుతాయి. తర్వాత వాళ్ళ ఇంజన్ ఓ ఐదు నిమిషాలు నడవనిచ్చి అప్పుడు మీది కొట్టండి. స్టార్ట్ అయ్యాక తగిలించిన వరసకి సరిగ్గా వెనక నుంచి తీయండి. ప్లస్, మైనస్ తారుమారైతే ఆల్టర్నేటర్ డయోడ్లు, ఇంజన్‌ని నడిపే కంప్యూటరు (ఈసీయూ) క్షణంలో పోతాయి. మసక వెలుతురులో పనిచేస్తారు కాబట్టి సెల్‌ఫోన్ లైటు వేసి గుర్తులు కళ్ళతో చూసుకుని మరీ తగిలించండి. సన్నటి చవక కేబుల్స్ డీజిల్ ఇంజన్‌కి చాలవు, పట్టుకుంటే వేడెక్కుతాయి తప్ప సెల్ఫ్ తిరగదు. లావుపాటి రాగి తీగలున్నవి కొనుక్కోండి.

చిన్న లిథియం జంప్ స్టార్టర్లు ఇప్పుడు బాగా దొరుకుతున్నాయి, మంచివే. కాకపోతే దాన్ని కూడా రాత్రంతా డిక్కీలో వదిలేస్తే అదీ చల్లబడి నీరసిస్తుంది. మీతోపాటు టెంట్‌లోకి, రూమ్‌లోకి తీసుకెళ్ళండి.

తోసి స్టార్ట్ చేయడం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మా ఘాట్ మీద దీనివల్లే ప్రాణం మీదికి వస్తుంది. "దిగువే కదా, న్యూట్రల్‌లో వదిలి సెకండ్ గేరు వేస్తే అందుకుంటుంది" అని కారు వదిలేస్తారు. ఇంజన్ నడవనప్పుడు బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. ముందు హెయిర్‌పిన్ వంపు, మంచులో కనిపించదు. ఘాట్ దిగువలో కారుని న్యూట్రల్‌లో వదిలి స్టార్ట్ చేయొద్దు. సమతలంగా, ఖాళీగా ఉన్న చోట, మాన్యువల్ గేరు కారుని, ఇగ్నిషన్ ఆన్ చేసి, మనుషులు తోస్తూ, సెకండ్ గేరులో క్లచ్ వదిలితే ఫర్వాలేదు. అది కూడా మీటర్ బోర్డు లైట్లు వెలిగేంత కరెంటు ఉంటేనే. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఈసీయూ మేల్కోదు, ఎంత తోసినా చెమట తప్ప ఏమీ రాదు. ఆటోమేటిక్ కార్లు తోస్తే స్టార్ట్ అవ్వవు. పదేపదే తోస్తే కాలని ఇంధనం సైలెన్సర్‌లోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది కాబట్టి బీఎస్-6 కార్లకి ఇది ఆఖరి ప్రయత్నంగానే ఉంచండి.

మీది డీజిలే అయినా, ఇది చదివే పెట్రోల్ కారువాళ్ళకి ఒక మాట. చలికి స్టార్ట్ అవ్వట్లేదని యాక్సిలరేటర్ పదేపదే తొక్కకండి, అది కార్బొరేటర్ రోజుల అలవాటు. ఇప్పటి ఇంజన్లలో పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరు చూసుకుంటుంది. చాలాసార్లు కొట్టి ప్లగ్గులు తడిసిపోతే, పెట్రోలు వాసన గుప్పుమంటుంది. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా నేలకి తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. చాలా కార్లలో అలా తొక్కితే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, ఉత్త గాలి తిరిగి ప్లగ్గులు ఆరతాయి. తాజంగి దగ్గర ఒక కుర్రాడి హ్యాచ్‌బ్యాక్ ఫోన్‌లో చెప్పి ఇలాగే స్టార్ట్ చేయించాను. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది చలిలో పెట్రోలంత తేలిగ్గా ఆవిరవదు. కాబట్టి ఒకటి రెండు సెకన్లు ఎక్కువ తిరిగితే కంగారు పడక్కర్లేదు. సీఎన్‌జీ కార్లవాళ్ళు గ్యాస్ ఉందికదా అని పెట్రోలు అడుగంటేదాకా వదిలేస్తారు. చాలా సీఎన్‌జీ కార్లు చలిలో ముందు పెట్రోలుతోనే లేచి, వేడెక్కాక గ్యాస్‌కి మారతాయి. కొండెక్కేముందు తాజా పెట్రోలు కొంత పోయించండి.

ఎలుకలు కూడా ఉన్నాయి. వేడి ఇంజన్ పక్కన రాత్రి వెచ్చగా ఉంటుందని బానెట్ కిందికి చేరతాయి, వైర్లు కొరుకుతాయి. నిన్న రాత్రి దాకా బాగున్న కారు పొద్దున ఇంజన్ లైటు వెలిగించి మొండికేస్తే ఓసారి టార్చి వేసి చూడండి. తిండి పొట్లాలు కారులో వదలొద్దు.

డీజిల్ గడ్డకట్టిందేమో అని కూడా మీరు అడిగారు. లంబసింగి చలికి డీజిల్ గడ్డకట్టి ఆగిపోయిన కారు నా దగ్గరికి ఇంతవరకూ రాలేదు. అది లేహ్, స్పితి, ద్రాస్ లాంటి చోట్ల సంగతి. డీజిల్‌లో ఉండే మైనం చలికి పలుకులుగా మారి ఫిల్టర్‌ని మూసేస్తుంది, బండి స్టార్ట్ అయి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. అక్కడ కొందరు లారీ డ్రైవర్లు ట్యాంకు కింద మంట పెట్టేవాళ్ళు, చూస్తే గుండె ఆగేది. 2019 నవంబరులో లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్ తెచ్చింది, అక్కడివాళ్ళకి అది పెద్ద ఊరట. మన వైపు నుంచి కారేసుకుని హిమాలయాలకి వెళ్ళేవాళ్ళు కింద పట్టించిన డీజిల్‌తోనే రాత్రి పైన నిలబెట్టొద్దు, ఖాళీ అయ్యేకొద్దీ అక్కడి బంకుల్లో పోయించండి. కిరసనాయిలు కలపమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. పాత ఇంజన్లలో నడిచింది గానీ, ఇప్పటి డీజిల్ ఇంజన్లలోని కామన్ రైల్ (అధిక ఒత్తిడి) పంపుకి డీజిలే లూబ్రికేషన్, కిరసనాయిలు పడితే పంపు అరిగిపోతుంది.

హిమాలయాలకి వెళ్ళే మనవాళ్ళ విషయంలో నేను ఎక్కువ భయపడేది రేడియేటర్ గురించి. మన ఊళ్ళో వేసవిలో కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్ళు పోసేస్తాం. అవి మైనస్‌లో గడ్డకట్టి వ్యాకోచించి ఇంజన్ బ్లాక్‌నే పగలగొడతాయి. సగం గ్లైకాల్ కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. అంత చలిలో హ్యాండ్ బ్రేక్ కూడా లాగొద్దు, తడిసిన కేబుల్ పట్టేస్తుంది. గేరులో ఉంచి టైరు కింద రాయి పెట్టండి.

అమెరికాలో మిన్నెసోటా, నార్త్ డకోటా వైపు, కెనడాలో ఉన్న మన పిల్లలు సెకండ్ హ్యాండ్ కార్లు కొంటుంటారు. ముందు గ్రిల్ దగ్గర ప్లగ్గు ఉన్న వైరు వేలాడుతుంటే అది ఇంజన్ బ్లాక్ హీటర్. మైనస్ 20, 30 పడే రాత్రుల్లో బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు దాన్ని కరెంటుకి పెట్టాలి. బ్యాటరీ కొనేటప్పుడు పైన రాసిన సీసీఏ అంకె చూడాలి. మైనస్ 18 డిగ్రీల్లో 30 సెకన్లపాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె అది. కారు పుస్తకంలో చెప్పినదానికంటే తక్కువది కొనకూడదు.

చలికి సంబంధించి కారు స్టార్ట్ అవ్వడం కంటే ముఖ్యమైనది ఒకటుంది. అద్దాలు మూసి, ఇంజన్ నడుపుతూ, హీటర్ వేసుకుని కారులో నిద్రపోకండి. మూసిన గ్యారేజీలో ఇంజన్ వేడెక్కించకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. టెంట్లలో చలికి తట్టుకోలేక పిల్లల్ని కారులో పడుకోబెట్టి ఇంజన్ ఆన్ చేసే తల్లిదండ్రులని ప్రతి సీజన్‌లో చూస్తున్నాను. ఇంకో దుప్పటి అడిగి తీసుకోండి, అది మాత్రం చేయొద్దు.

సంక్రాంతికి బయల్దేరేముందు ఈ వారంలోనే బ్యాటరీ షాపుకి వెళ్ళి లోడ్ టెస్ట్ చేయించండి. మారిస్తే, కొత్త బ్యాటరీ మీద ముద్రించిన తయారీ తేదీ చూసి తాజాది తీసుకోండి. మీ కారుకి సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగి మళ్ళీ లేచే స్టార్ట్-స్టాప్ ఉంటే దానికి తగ్గ ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే వేయించాలి. మామూలుది చవకని వేస్తే ఏడాదిలో మళ్ళీ షాపుకే వస్తారు. ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన గ్రేడే వాడండి. 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటే, 15డబ్ల్యూ-40 పోయించొద్దు. ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో అంత పలచగా పారుతుంది.

వారమంతా అపార్ట్‌మెంట్ కింద నిలబెట్టి ఆదివారం కూరగాయలకి మాత్రం తీసే అలవాటుంటే అది మార్చండి, లేదా వారంలో ఒకరోజు అరగంటకి తక్కువ కాకుండా రింగ్ రోడ్డు మీద తిప్పండి. మీరు డాష్‌క్యామ్, ట్రాకర్ పెట్టించామని రాశారు. అవి పార్కింగ్‌లో కూడా కరెంటు తాగుతూనే ఉంటాయి. కారు పూర్తిగా పడుకున్నాక 50 మిల్లీ ఆంపుల కంటే ఎక్కువ లాగుతుంటే వాటి వైరింగ్ మార్పించాలి.

ఇక్కడికొచ్చాక రాత్రి టెంట్ దగ్గర డిక్కీ తెరిచి, లైటు వేసి, పాటలు పెట్టుకుని కూర్చోవద్దు. మొన్న సీజన్‌లో కొత్త బ్యాటరీ ఉన్న కారే అలా అర్ధరాత్రి దాకా వాడి పొద్దున పడిపోయింది. కారు ముక్కు తూర్పువైపు ఉండేట్టు, వీలైతే గోడ పక్కన పెట్టండి. పొద్దున స్టార్ట్ అయ్యాక నిలబెట్టి రేజ్ చేయకండి. నిమిషం ఆగి, మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి చాలు.

లోడ్ టెస్ట్ రీడింగ్, సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజి ఎక్కడిదాకా దిగిందో, తెల్లపొగ వచ్చిందో లేదో ఇక్కడే రాయండి. బ్యాటరీ బాగుందని తేలితే ఆ అంకెలు చూసి ప్లగ్గులా, ఎర్త్ వైరా, సెల్ఫ్ మోటారా చెప్తాను.